ఇద్దరికీ కలిపి ఇరవై నిమిషాలు

జైలు గేటు బయట సిమెంటు బెంచీ. గేటు తీయడానికి ఇంకా అరగంట ఉంది. అత్తా కోడలూ పక్కపక్కనే కూర్చున్నారు. చూసినవాళ్ళెవరైనా తల్లీకూతుళ్ళనుకుంటారు, పాపం.

"కార్డేదీ? మళ్ళీ చూపించు."

"ఇందాకే చూపించాగా అత్తయ్యా. ఇదుగో. అసలుదే. జిరాక్సు కాదు."

"చూపిస్తే అరిగిపోతుందా? కిందటిసారి జిరాక్సు పట్టుకొచ్చి కిటికీ దగ్గర ఎంత ఏడ్చావో మర్చిపోయావా?"

"జిరాక్సు చాలన్నారు కదా మీరు..."

"నేనా? నేనన్నానా? నువ్వు సగం వింటావు, సగం వదిలేస్తావు. పోనీలే, ఇప్పుడు తెచ్చావుగా."

"అంతకుముందుసారి టైము గొడవ. పదింటికి రమ్మన్నారు మీరు. నేనొచ్చేసరికి మూసేశారు, తొమ్మిదిన్నరకే."

"వాళ్ళు మార్చారే టైము. నీకు చెప్పి మారుస్తారా? ఇది జైలు, మీ పుట్టిల్లు కాదు."

"మిమ్మల్ని అనట్లేదత్తయ్యా. నాదే తప్పు. మీరు లేకపోతే ఈ గేటు ఎటు తెరుచుకుంటుందో కూడా నాకు తెలియదు. భయంగా ఉంది, అంతే."

"దేనికే?"

"ఇవాళ మూడోసారి. మూడుసార్లు లోపలికి వెళ్ళకపోతే కలిసేవాళ్ళ జాబితాలోంచి పేరు తీసేస్తారట. కిందటిసారి లైన్లో ఒకావిడ చెప్పింది. వాళ్ళ చెల్లెలి పేరు అలాగే పోయిందట."

"ఎవరావిడ? లైన్లో నిలబడి వాగేవాళ్ళ మాటలు పట్టించుకోకు. మొదటి నెల నుంచీ లోపలికి వెళ్తున్నాను, నాకు తెలియని రూలా?"

"అంటే తీసేయరా?"

"తీసేస్తారనుకో. కానీ ఇవాళ నువ్వు వెళ్తున్నావుగా. ఎందుకా ఏడుపు మొహం?"

"కిందటిసారి ఆయన నా గురించి ఏమన్నారు?"

"ఎన్నిసార్లు చెప్పాలే తల్లీ? రాలేదేం అన్నాడు. వచ్చింది నాయనా, జిరాక్సు తెచ్చిందని వెనక్కి పంపారు, అన్నాను."

"నమ్మారా?"

"నమ్మకేం?"

"మరి ఉత్తరాలకి జవాబే లేదు. ఆరు రాశాను. ఆరూ పోస్టులో వేశారు కదా మీరు?"

"నా చేత్తో వేశాను. డబ్బాలో పడిన చప్పుడు కూడా విన్నాను. వాడికి రాయడం బద్ధకం, చిన్నప్పటినుంచీ అంతే."

"లోపల ఎలా ఉంటుందో ఇంకోసారి చెప్పండి."

"మధ్యలో అద్దం. ఇటో ఫోను, అటో ఫోను. అద్దం ముట్టుకోకూడదు. కేసు సంగతి ఎత్తకూడదు. తలలో పిన్నులు ఉండకూడదు."

"తీసేశా."

"ఏడవకు. ఏడిస్తే ఉన్న టైమంతా దానికే పోతుంది. ఇరవై నిమిషాలే."

"ఇద్దరికీ కలిపా?"

"కలిపే. చెరో పది."

"నాకు పది అక్కర్లేదత్తయ్యా. రెండు చాలు. ఎదురుచూస్తానని చెప్పాలి, అంతే. ఆయన ఫోర్మన్ తల పగలగొట్టడం తప్పే, కాదనను. ఏడేళ్ళు పడింది, పడనీ. కానీ నేను వదిలేసి పోయానని అనుకుంటూ ఆయన లోపల కూర్చోకూడదు. అది నేను తట్టుకోలేను."

"రెండు చాలంటావు. ఫోను చేతికొచ్చాక వదుల్తావా నువ్వు?"

"వదుల్తాను, ఒట్టు. ఇంతకీ ఈ డ్రెస్సు రంగు బాగుందా? మీరు చెప్పిన నీలమే. నాలుగు కొట్లు తిరిగి తెచ్చా. భోజనాల టైములో ఫ్యాక్టరీ మిషను మీదే కుట్టుకున్నా, సూపర్‌వైజరు చూడకుండా."

"చక్కగా కుదిరింది. వాడికి నీలమంటే ప్రాణం."

"నాతో ఎప్పుడూ అనలేదే?"

"అన్నీ పెళ్ళాంతోనే అంటారా ఏంటి? లే, గేటు తీశారు."

కిటికీ. అవతల గుమాస్తా, ఆయన ముందు రిజిస్టరు. ఆయనకి ఎవరిమీదా కోపం లేదు. అదే గొడవ.

"రా పెద్దమ్మా. కార్డు. ఊఁ. ఇక్కడ సంతకం. దగ్గు తగ్గిందా?"

"ఎక్కడ తగ్గుతుంది నాయనా."

"తర్వాత."

"నమస్కారమండీ. నేను ఆయన భార్యని. అసలు కార్డే తెచ్చా. టైముకే వచ్చా."

"కాస్త వెనక్కి జరుగమ్మా. ఇంకాస్త. ఏంటీ, నీలమా?"

"అవునండీ."

"పైనుంచి కిందిదాకా నీలమే! లోపలున్న ఎనిమిది వందలమందికీ ఇదే రంగమ్మా. నువ్వు వాళ్ళలో కలిసిపోతే నేనెక్కడ వెతకను? నీలమైతే లోపలికి లేదు. తర్వాత ఎవరు?"

"అత్తయ్యా!"

"అయ్యో, అయ్యో! నీలం వద్దా సారూ? ఎప్పటినుంచి?"

"జైలు కట్టినప్పటినుంచి. నీకు తెలియదా పెద్దమ్మా? మొదటిసారి నీలం స్వెటరు వేసుకొచ్చి, విప్పి ఇక్కడ పెట్టి వెళ్ళింది నువ్వే కదా?"

"ముసలిదాన్ని. నాకేం గుర్తు నాయనా?"

"అయ్యా, ఇవాళ మూడోసారండీ!"

"చూశాలే. రాలేదు, రాలేదు, ఇవాళా రాలేదు. పేరు కొట్టేయాలి."

"వచ్చానండీ! మూడుసార్లూ వచ్చా! మీ ఎదురుగానే నిలబడ్డాగా!"

"ఈ గేటు దాటితే వచ్చినట్టు, దాటకపోతే రానట్టు. రిజిస్టర్లో ఉన్నవి రెండే గళ్ళు. నీకోసం మూడోది గీయనా?"

"పేరు కొట్టేస్తే మళ్ళీ ఎప్పుడండీ?"

"ఆయన మళ్ళీ రాయాలి. జాబితా ఏడాదికోసారే రాయిస్తాం. పోయిన నెలే రాయించాం. అంటే ఇంకో పదకొండు నెలలు. అందాకా నీ ఉత్తరం లోపలికి పోదు, ఆయన ఫోను నీకు రాదు."

"మీ కాళ్ళు పట్టుకుంటానండీ. పైన ఏదైనా కప్పుకుంటే?"

"కప్పుకో, నాకేం? నీలం నా కంటికి కనపడకూడదు, అంతే. పెద్దమ్మ శాలువా ఉందిగా, కాళ్ళదాకా వస్తుంది."

"అత్తయ్యా, ఆ శాలువా ఒక్క ఇరవై నిమిషాలు..."

"ఇద్దునే తల్లీ. నీకన్నా ఎక్కువా? కానీ లోపల గది ఐసు గడ్డలా ఉంటుంది. ఛాతీకి గాలి తగలనివ్వద్దని డాక్టరు అన్నాడా లేదా? నువ్వేగా నా పక్కనుంది."

"అన్నాడు. పోనీ మీరు పది నిమిషాలు మాట్లాడి, బయటికొచ్చి నాకిస్తే?"

"మధ్యలో బయటికొస్తే టైము అయిపోయినట్టే. అంతేనా సారూ?"

"అంతే. ఈ రూలు మాత్రం భలే గుర్తుందే పెద్దమ్మకి!"

"అయితే ఇవాళ్టికి నేనొక్కదాన్నే వెళ్తానత్తయ్యా. మీరు ఆ ఎండలో బెంచీ మీద కూర్చోండి, చలెయ్యదు. మీరు నెలనెలా చూస్తూనే ఉన్నారుగా..."

"కన్నతల్లిని గేటు దగ్గర కూర్చోబెట్టి వెళ్తావా? వెళ్ళు. తీసుకో, ఇదిగో, లాక్కో!"

"వద్దులెండి. వద్దు. మీకేమన్నా అయితే ఆయన నన్ను క్షమించరు."

"ఇంటికి రూల్సు కాగితం పంపాం కదమ్మా, నీ పేరు మీద. మొట్టమొదటి రూలే రంగు. చదువుకోకుండా ఎందుకొస్తారు?"

"నాకే కాగితమూ రాలేదండీ."

"అందినట్టు సంతకం ఉందే?"

"ఎవరిదండీ?"

"సారూ, నా టైము నడుస్తోంది, నేను పోతున్నా! నువ్వలా బెంచీ మీద కూర్చో తల్లీ. నువ్వొచ్చావని చెబుతాగా. ఏడవకు."

"ఎదురుచూస్తానని చెప్పండత్తయ్యా. ఆ ఒక్కమాట."

"చెబుతా. చెప్పకుండా ఎలా ఉంటాను?"

అద్దానికి ఇటు తల్లి, అటు కొడుకు. తల్లి వెనకే కాపలా జవాను, మాటలు వింటూ, టైము చూస్తూ. అతన్ని బ్యారక్‌లోంచి తీసుకొచ్చేసరికే పదిహేను నిమిషాలు పోయాయి. అవీ ఇరవైలోకే వస్తాయి.

"అమ్మా, ఒక్కదానివేనా?"

"చిక్కిపోయావురా నాన్నా. తింటున్నావా అసలు?"

"తను రాలేదా?"

"ఫోను సరిగ్గా పట్టుకో. వినపడట్లేదు."

"అమ్మా. వచ్చిందా, లేదా?"

"రాలేదురా."

"మూడోసారి. ఒక్క ఉత్తరం ముక్క కూడా లేదు."

"నన్నేం చెయ్యమంటావు? గడ్డం పట్టుకుని బతిమాలాను. డ్యూటీ అంది. సెలవు పెట్టవే అంటే మొహం తిప్పుకుంది. పోనీలేరా, నేను లేనూ? ఒక్క నెలైనా మానానా? వానలో వచ్చా. జ్వరంతో వచ్చా."

"వచ్చావు."

"పెళ్ళయ్యాక ఏనాడైనా నా దగ్గర ఇరవై నిమిషాలు కూర్చున్నావా నువ్వు? గుమ్మంలోంచే 'తిన్నావా అమ్మా' అనేసి ఆ గదిలో దూరేవాడివి. ఇక్కడైతే చూడు, నా మొహమే చూస్తూ కూర్చుంటావు. నవ్వులాటకి అంటున్నాలే. కానీ నిజమేగా?"

"నిజమేనమ్మా. అందుకే ఆలోచించాను."

"ఏమని?"

"మీ ఇద్దరికీ మొదట్నుంచీ పడదు. నీ ఎదురుగా తను నోరు విప్పదు. నువ్వొస్తున్నావనే తను రావట్లేదేమో."

"ఛ, ఛ! అదేం కాదురా..."

"విను. పొద్దున్నే కాగితం రాసిచ్చాను. వచ్చే నెల నుంచి జాబితాలో నీ పేరు తీసేయమన్నాను."

"ఏంటీ?"

"తన పేరొక్కటే ఉంచమన్నా. ఇరవై నిమిషాలూ తనకే. ఒక్కతే అయితే వస్తుంది. నువ్వే చెప్పమ్మా తనకి, నీ నోటితో."

"ఒరే నాన్నా... ఆ కాగితం వెనక్కి తీసుకోరా."

"రాశాక తీసుకోనివ్వరు. కోప్పడకమ్మా. ఏడాదేగా."

"దాని పేరు కొట్టేశారురా! ఇందాకే! నన్నూ కొట్టేస్తే ఇంకెవరున్నార్రా నీకు? వచ్చిందిరా, మూడుసార్లూ వచ్చింది! బయటే ఉంది! పదింటికి రమ్మంది నేను, జిరాక్సు చాలంది నేను, నీలం వేయించింది నేను! ఉత్తరాలు బీరువాలో ఉన్నాయిరా, ఆరూ ఉన్నాయి, చింపలేదు! ఎదురుచూస్తానంది! వింటున్నావా? అలా చూస్తావేం, మాట్లాడరా!"

"పెద్దమ్మా, అద్దం మీద కొట్టకూడదు. ఫోను ఎప్పుడో కట్టయింది."

"ఎందాకా విన్నాడు బాబూ? నువ్వు ఇక్కడే నిలబడ్డావుగా, ఎందాకా విన్నాడు?"

"'ఏడాదేగా' అన్నాడు చూడు, అక్కడితో అయిపోయాయి ఇరవై నిమిషాలు. పద, బయటికి పద."

మళ్ళీ ఆ బెంచీయే. కోడలు లేవలేదు. చేతిలో మడత కాగితమొకటి ఉంది.

"ఇదుగో శాలువా! కప్పుకో! పరిగెత్తవే, ఆ గుమాస్తా కాళ్ళు పట్టుకో!"

"మెల్లగా అత్తయ్యా, పడతారు. ఏమైంది?"

"వాడు నా పేరు తీయించేశాడే! నీకోసం! నువ్వొక్కదానివే వస్తావని! ఇంక పదకొండు నెలలు వాడి మొహం చూసే దిక్కుండదు. వెళ్ళవే, ఒక్కసారి నిన్ను చూస్తే చాలు, అన్నీ మార్చుకుంటాడు. ఏం చూస్తున్నావే నన్ను?"

"ఎదురుచూస్తానన్న మాట చెప్పారా?"

"చెప్పాను... చెప్పానే, వాడికి వినపడలేదు."

"సరేలెండి. కిటికీ మూసేశారు. మూసేముందు గుమాస్తాగారు జాలిపడి నాకో రూల్సు కాగితమిచ్చారు. మీరొచ్చేలోపు నాలుగుసార్లు చదివా. అందినట్టు పెట్టిన సంతకం కూడా చూపించారు. నా పేరు మీ చేతిరాతలో ఎంత గుండ్రంగా ఉందో!"

"తల్లీ, నన్ను తిట్టు. కొట్టు. ఏదైనా చెయ్యి. ముందీ శాలువా కప్పుకుని ఒక్కసారి ఆ తలుపు కొట్టవే, నీకు దణ్ణం పెడతా."

"నాకేం చలిగా లేదత్తయ్యా. దగ్గు మీది. మీరే కప్పుకోండి, ఛాతీకి గాలి తగలనివ్వద్దన్నాడు డాక్టరు."