ఊదా దారం వాళ్ళు

గొలుసు తియ్యకుండానే మాట్లాడతారేంటమ్మా నాతో కూడా? మీ ఇంటి దుప్పట్లు, మీ ఆయన చొక్కాలు, పాప స్వెట్టర్లు ఇన్నేళ్ళుగా ఉతుకుతున్న మనిషిని. నన్ను చూసి తలుపు సందులోంచి ఒక కన్నూ సగం ముక్కూ చూపిస్తే నేనేమనుకోవాలి? సరేలెండి, తియ్యకండి. తప్పు పట్టట్లేదు. ఈ రోజుల్లో నేనైనా తియ్యను.

మీ బట్టలు తెచ్చాను. రేపు కదా ఇస్తామన్నారు అంటారు, నాకు తెలుసు. రేపటిదాకా ఆగేలా లేదు. ఉతకడం అయింది గానీ ఇస్త్రీ కాలేదు. ఇస్త్రీ చెయ్యని బట్టలు మా లాండ్రీ గడప దాటడం ఇదే మొదలు. మా అత్తగారు బతికుంటే నన్ను ఉతికి ఆరేసేది.

మెల్లిగా మాట్లాడమంటారా? ఎదురింటివాళ్ళు వింటారా? సరే. ఇదిగో, మెల్లిగానే.

ఆ దారం సంగతి మీదాకా వచ్చేసిందన్నమాట. మీ మొహం చూస్తేనే తెలుస్తోంది. నేనే ముందొచ్చి చెప్పుకుంటే బాగుండేది. చూడండమ్మా, అందుకే బ్లేడు కూడా తెచ్చాను. అయ్యయ్యో, అలా వెనక్కి జరక్కండి. దారాలు కొయ్యడానికమ్మా. నా బతుక్కి బ్లేడు పట్టుకుని ఇంకోపని కూడానా.

ఇక్కడే మెట్ల మీద కూర్చుంటాను. మీరు వింటూ ఉండండి, నేను కోస్తూ ఉంటాను.

లాండ్రీ అన్నాక ఎవరి బట్ట ఎవరిదో తెలియాలా వద్దా? వేరేచోట్ల నంబరు వేసిన కాయితం గుచ్చుతారు. అది నీళ్ళలో ఊడొస్తుందని మా అత్తగారికి నమ్మకం లేదు. కాలరు లోపల, నడుము పట్టీ లోపల రంగు దారంతో గుర్తు కుట్టమనేది. కొత్తగా ఎవరన్నా గుమ్మం ఎక్కితే ముందు అడగాల్సిన మాట ఒకటే, మీరెవరి తాలూకు అని. ఎవరు పంపితే వాళ్ళ దారమే వీళ్ళకీ. కుట్ల వరసే మారుతుంది. ఎందుకంటే, ఒకరి బట్ట పొరపాటున ఇంకొకరింటికి పోయినా ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళే కదా, గొడవ లేకుండా తిరిగొచ్చేస్తుంది. అంతకుమించి అందులో ఏ మర్మమూ లేదు. 'ఒకే దారం వాళ్ళు' అనేది ఆవిడ, ఏదో చుట్టరికం కలిపినట్టు.

మొదట మీరొచ్చారు. మీకు ఊదా. ఎందుకు ఊదా అంటే, ఆ పూట నా సూదిలో ఉన్నది అది, అంతే. మీరు మీ చెల్లెల్ని పంపారు. ఆవిడ తన ఆఫీసులోవాళ్ళని పంపింది. అలా ఒకరి వెనక ఒకరు మీ దేశంవాళ్ళంతా మా దగ్గరికే వచ్చారు. నాకెంత సంబరమో. మా పని నచ్చబట్టే కదా అని మురిసిపోయాను.

సందు చివర పళ్ళ డాక్టరు వచ్చినప్పుడు ఎవరి తాలూకు అనడిగితే, ఎవరి తాలూకూ కాదమ్మా, బోర్డు చూసి వచ్చానన్నాడు. ఆయనకి నారింజ దారం కుట్టాను. తర్వాత ఆయన వాళ్ళ వాళ్ళని పంపాడు. అందరికీ నారింజే.

నాకేం తెలుసమ్మా, మీరిద్దరూ ఒకేచోటి నుంచి వచ్చారనుకున్నాను. మా బల్ల దగ్గర నిలబడి గలగలా మాట్లాడుకునేవాళ్ళు కాదూ? మాట ఒకటే, యాస కాస్త అటూ ఇటూ. మీ పాపకి పన్ను ఊడినప్పుడు ఆయన ఏదో అంటే అది నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మీ కొంగు వెనక... కాదు, మీ కోటు వెనక దాక్కుంది. ఆ పిల్ల నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. అలాంటిది, అక్కడ మీవాళ్ళూ డాక్టరు వాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటున్నారని టీవీలో చెప్తే నేను నమ్మలేదు. ఇంకెవరో అనుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో మొదలైంది. మా మరిది ఉన్నాడుగా, ఇస్త్రీపెట్టె కన్నా ఫోనే ఎక్కువ పట్టుకుంటాడు. మీవాళ్ళకి అన్యాయం జరుగుతోందని వాడు ఊగిపోయాడు. అన్నం తినేటప్పుడు అదే గోల, బట్టలు పిండేటప్పుడూ అదే గోల. మనకెందుకురా నాయనా, ఎక్కడి వాళ్ళో, ఏం గొడవో, అసలు మొదట చెయ్యి ఎవరు లేపారో మనం చూశామా అన్నాను. నీకేం తెలుసు వదినా, నువ్వూ అన్నయ్యా గోడ మీద పిల్లులు అన్నాడు. పోనీ ఆ ఊరెక్కడుందో చూపించు అన్నాను. ఫోనులో మ్యాపు తీసి టపీమని వేలు పెట్టాడు. వేలు తీస్తే కింద సముద్రం ఉంది.

నవ్వారు. మీరు నవ్వి ఎన్నాళ్ళయిందో.

వాడు ఒకరోజు మీ జెండా తెచ్చి మా దుకాణం అద్దానికి అంటించాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. చూడ్డానికి బాగుంది కూడా. పళ్ళ డాక్టరు వచ్చి ఆ జెండా వంక చూశాడు, నా వంక చూశాడు. ఉతకని బట్టలు ఉతకనట్టే తిరిగిమ్మన్నాడు. నేను మూట కట్టి ఇచ్చాను.

అద్దం మీద రాయి పడ్డది ఆ వారంలోనే. మా ఆయన ఇస్త్రీ బల్ల దగ్గరే ఉన్నాడు. తడి దుప్పట్ల మడతల్లోంచి గాజుముక్కలు ఏరుకుంటూ కూర్చున్నాం ఇద్దరం. జెండా పీకి చెత్తబుట్టలో పడేశాడు మా ఆయన. ఎందుకు తీశావని తమ్ముడు ఎదురు తిరిగినందుకు వాణ్ణి చెంప మీద కొట్టాడు కూడా. మా ఇంట్లో ఎవరూ చెయ్యెత్తడం నేను చూడలేదు ఎప్పుడూ. సముద్రాల అవతల గొడవకి మా ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఎవరికి చెప్పుకోను ఇది?

మర్నాడు మీ ఆయన వచ్చారు. "తీసేశారా?" అన్నారు. ఆ ఒక్కటే మాట. నేను నేలచూపులు చూశాను. పెట్టుకుంటే వాళ్ళకి కోపం, తీసేస్తే మీకు కోపం. మేం ఏం చెయ్యాలమ్మా? బట్టలు ఉతుక్కునేవాళ్ళం. అటైనా ఇటైనా చొక్కా చొక్కానే కదా అనుకున్నాం. అలా అనుకోనివ్వలేదు ఎవరూ.

ఆ. తీశారా గొలుసు. మంచిదమ్మా. లోపలికి రానులెండి, గుమ్మంలోనే ఉంటాను. పాప బడికి వెళ్ళలేదా? దగ్గా? పంపకపోవడమే మంచిది. ఇవాళ మరీ మంచిది.

ఇదిగో, ఇది పాప స్వెట్టరు. మెడ దగ్గర కుట్టు చూశారా, ఎంత సన్నగా వేశానో. పిల్లకి గుచ్చుకోకూడదని లోపలి మడతలో వేశాను. ఇప్పుడు అదే రావట్లేదు. ఉండండి, వెలుతురు చాలట్లేదు.

మీవాళ్ళంతా ఎక్కడో కలిశారట కదా, మీ ఊరికి దుప్పట్లు పంపడానికి. వేసుకొచ్చిన కోట్లన్నీ ఒకచోట కుప్ప పోస్తే ఎవరో కాలరు తిప్పి చూశారట. అన్నిట్లోనూ ఊదా దారం. ఒకావిడ అరిచి పడిపోయిందట. మీ ఊళ్ళో గొడవలకి ముందు మీవాళ్ళ ఇళ్ళ గేట్లకి గుర్తులు పెట్టారని నాకు తర్వాత తెలిసింది. ఒట్టమ్మా, పాప మీద ఒట్టు, నాకు ముందు తెలీదు. తెలిస్తే ఆ సూది పొయ్యిలో పడేసేదాన్ని. అది విన్నప్పటినుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. మా అత్తగారు చుట్టరికంలా అనుకుని పెట్టిన పద్ధతి. నేను ఒద్దికగా కూర్చుని, మిమ్మల్ని ఒకపక్కా వాళ్ళనొకపక్కా విడదీసి పెట్టాను. ఎవరూ చెయ్యమనకుండా, ఎవరి మీదా కోపం లేకుండా.

డాక్టరు కూడా వచ్చాడు మొన్న, వెనక గుమ్మంలోంచి. తమ వాళ్ళ నారింజ దారాలు తీసెయ్యమని. ఆయన మొహమూ మీ మొహంలాగే ఉంది, నెత్తురు చుక్క లేకుండా.

ఇక అసలు సంగతి. దీనికే వచ్చాను. దీనికొచ్చి ఊళ్ళో ఉన్నవన్నీ మాట్లాడుతున్నాను, చూడండి నా తెలివి.

ఇవాళ పొద్దున్న షట్టరు ఎత్తి ఊడుస్తున్నాను. ఒకతను వచ్చాడు. శుభ్రంగా ఉన్నాడు, అక్కా అని పిలిచాడు. మీ దేశంవాడు కాదు, డాక్టరు దేశంవాడూ కాదు. ఇక్కడివాడే, మాలాగే మాట్లాడుతున్నాడు. మా మరిది లాంటివాడే, కాకపోతే డాక్టరు వాళ్ళ పక్కకి పోయాడు. సంచిలోంచి ఒక తెల్ల చొక్కా తీశాడు. అది అతని కొలత కాదు, చూడగానే తెలిసిపోయింది. కాలరు తిప్పి ఊదా కుట్టు మీద వేలు పెట్టాడు. "ఈ దారం వాళ్ళు ఎవరెవరు అక్కా? ఎక్కడుంటారు?" అన్నాడు.

ఆ చొక్కా నేను ఉతికిందే. ఆ కుట్ల వరస... మీ చెల్లెలి ఇంటిదమ్మా. మీ మరిదిగారి చొక్కా. అది అతని చేతికెలా వచ్చిందో అడగాల్సింది. అడగలేదు.

ఏంటి? నిన్నటినుంచీ ఫోను ఎత్తట్లేదా? ఇద్దరూనా? కూర్చోండి. గోడ పట్టుకోండమ్మా. ఫోను పోగొట్టుకున్నారేమో, ఛార్జింగు లేదేమో. ఏమో. నాకు తెలిస్తే చెప్పనా?

నాకు తెలీదు బాబూ అన్నాను అతనితో. అవును, అలాగే అన్నాను. వెళ్ళిపోయాడు.

అలా చూడకండి నా వంక.

సరే. చెప్తాను. తెలీదనే మొదట అన్నాను, అది అబద్ధం కాదు. అతను కదల్లేదు. మా ఆయన నాకు నేర్పిన మాట ఒకటుంది, ఎవరడిగినా అదే చెప్పమన్నాడు. "మేం ఎవరి పక్షమూ కాదు బాబూ" అన్నాను. అతను నవ్వాడు. కొత్తగా వేసిన అద్దం మీద వేలి గోరుతో టక్ టక్ కొట్టాడు.

"మంచిదక్కా. ఎవరి పక్షమూ కానివాళ్ళు దాచరు. దాచారంటే వాళ్ళ పక్షమన్నట్టే కదా" అన్నాడు.

మా ఆయన లోపల బట్టలు పిండుతున్నాడు, ఏవో కూనిరాగాలు తీస్తున్నాడు. మళ్ళీ అద్దం పగులుతుందా, ఈసారి రాయి ఎవరి తలకి తగులుతుందా, ఇదే ఆలోచన. ఎవరి పక్షమూ కాదని అతన్ని నమ్మించాలి, నా మనసులో ఉన్నది అదొక్కటే. చెప్పేశాను. మీ ఇల్లు. మూడో అంతస్తు, మెట్లెక్కగానే కుడిచేతి తలుపు. పాప ఉందని చెప్పలేదు. అది మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నం వస్తామన్నాడు. వస్తాను అన్లేదు, వస్తామన్నాడు.

తిట్టండి. కొట్టండి. కానీ ముందు బయల్దేరండి. మీ ఆయనకి ఫోను చేసి ఇంటికి రావద్దని చెప్పండి. ముందు మెట్లు వద్దు, వెనకవైపు చెత్తడబ్బాల దగ్గరికి దిగే మెట్లున్నాయి కదా, అటు. పెద్ద సంచి వద్దమ్మా, అందరి కళ్ళూ పడతాయి. నేను తెచ్చిన ఈ మూట చాలు. చేతిలో బట్టల మూట ఉంటే లాండ్రీకి పోతున్నారనుకుంటారు. పోలీసులా? చేశాను. వీధి చివర ఫోను నుంచి చేశాను. ఇంతకీ ఏం జరిగిందమ్మా అన్నారు. ఏం జరగలేదు అన్నాను. ఏం జరగలేదు కదా మరి, ఇంకా.

పాపా, ఏడవకు తల్లీ. నేను నీ లాండ్రీ అత్తనే. ఇటు చెయ్యి పెట్టు, స్వెట్టరు తొడుగుతాను.

ఏంటమ్మా?

మా ఇంటికా?

మా ఇంట్లో గది ఉంది. మరిది అలిగి వెళ్ళిపోయాక ఖాళీగానే ఉంది. మంచం ఉంది, కిటికీ వెనక్కి ఉంది, అక్కడ ఎవరున్నా వీధిలోకి తెలీదు. పొద్దుట్నుంచీ ఆ గదే గుర్తొస్తోంది నాకు. మెట్లెక్కుతూ కూడా అదే అనుకున్నాను, అడిగితే ఏమనాలి, అడక్కపోతే బాగుండు అని.

రమ్మనలేనమ్మా. నాకు భయం. నేను చెడ్డదాన్ని కాను, మంచిదాన్నీ కాను. ఇక్కడిదాకా వచ్చాను, మా ఆయనకి చెప్పకుండా వచ్చాను. నా చేతనైంది ఇంతే. ఇంతకంటే నాలో లేదు. మీరలా నా చేతులు పట్టుకున్నా లేదు.

వదలండి. పొద్దెక్కుతోంది. నేను ముందు దిగుతాను. కింద ఎవరూ లేకపోతే గట్టిగా గొంతు సవరిస్తాను, అప్పుడు దిగండి. గేటు దాటాక నా వెనక రాకండి, పలకరించకండి. అక్కణ్ణుంచి మిమ్మల్ని నేనెరగను, నన్ను మీరెరగరు.