నలత అన్న మాట

నా పేరు గెడ్డాడ మోషే. తండ్రి పేరు సీమోను, ఇప్పుడు లేరు. వయసు నలభై ఏడు. క్రైస్తవుణ్ణి. వృత్తి అద్దెకారు నడపడం. కారు నాదే, అంబాసిడర్. కాపురం మామిడికుదురు దగ్గర నగరం అనే ఊరు. వీరన్న మీద వచ్చిన ఫిర్యాదు గురించి ఎస్సై గారు పిలిపించి అడగగా, 1979 డిసెంబరు 17 సోమవారం పగలు, స్టేషనులో కూర్చుని చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. చెప్పొద్దని బతిమాలినవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళు మా చర్చి సంఘం పెద్దలు.

కారు కండిషను బాగాలేదని కూడా ఫిర్యాదులో రాశారట. ముందు దానికి జవాబు చెబుతాను. చలికాలం మొదలైందంటే నా డిక్కీలోకి ఒక చెక్కపెట్టె ఎక్కుతుంది. అందులో లాంతరు, కిరసనాయిలు సీసా, టార్చిలైటు, ఫ్యాను బెల్టు, ప్లగ్గులు, మోకు, చక్రాలకి అడ్డం పెట్టే ఇటుకలు, గోనెసంచులు, ఒక రగ్గు, వేడినీళ్ళ ఫ్లాస్కు ఉంటాయి. మంచులో కాలువ గట్టు మీద కారు ఆగిపోతే పలకరించే దిక్కు ఉండదు కాబట్టి ఇవన్నీ మోస్తాను. గన్నవరం స్టాండులో కొండలరావు అని ఇంకో కారు డ్రైవరు ఉన్నాడు. "మోషే పెట్టె తెరిస్తే పెళ్ళోరికి విడిదిచ్చెయ్యొచ్చండీ" అని అందరికీ చెప్పి నవ్వుతాడు. నవ్వనీ. ఆ రోజు విరిగింది వెనక యాక్సిలు. పెట్టెలో యాక్సిలు పెట్టుకుని తిరిగే డ్రైవరు ఈ జిల్లాలో ఒక్కడున్నా తీసుకొచ్చి నాకు చూపించమనండి.

14వ తేదీ శుక్రవారం, ఇంకా చీకటి ఉండగానే, మా ఊరి హైస్కూలు తెలుగు మేష్టారు ప్రభాకరరావు గారు మా గుమ్మంలో నిలబడి పిలిచారు. "మోషే గారూ, నిద్ర పాడుచేసేను, ఏమీ అనుకోకండి" అన్నారు. ఏమైందండీ అన్నాను. "మా ఆవిడికి కొంచెం నలతగా ఉందండీ. అమలాపురం తీసికెళ్తే బాగుంటుందేమో" అన్నారు. నేను చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా కారు తీశాను.

ఆ ఇంట్లో నలత అంటే ఏమిటో నాకు తెలుసు. ఆయన తల్లిగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఆదివారం కూడా, గుడిలో లేచి నిలబడి "అమ్మకి కొంచెం నలతగా ఉంది, ప్రార్థన చెయ్యండి" అనే అన్నారు. పెద్ద మాట ఆయన నోట్లోంచి రాదు. ఎదుటివాళ్ళని కంగారు పెట్టడం, తన పని మీద తిప్పుకోవడం తప్పని ఆయన నమ్మకం. మంచివాడు. ఆ మంచితనం మీద నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ఇది కూడా రాయండి.

ఆయన భార్య లీలావతమ్మ గారిది ఆయాసం. చిన్నబడిలో పిల్లలకి పాఠం చెబుతారు. చలికాలం వస్తే ఆయాసం ఎక్కువవుతుంది. ఆ రోజు మంచం మీంచి గుమ్మం దాకా నడవలేకపోయారు. ఎత్తుకొచ్చి వెనక సీట్లో దిండు ఆనించి కూర్చోబెట్టాము. పాసర్లపూడి రేవులో మంచుకి పడవ కదలదు. అందుకని తాటిపాక మీదుగా గన్నవరం అక్విడక్టు వంతెన దారి పట్టాను. లైటు వేస్తే మంచు తప్ప ఏమీ కనబడడం లేదు. తల బయటికి పెట్టి, గట్టు అంచు చూసుకుంటూ నడిపాను.

గన్నవరం ఇంకా మూడు మైళ్ళు ఉందనగా యాక్సిలు విరిగింది. ఎడమ చక్రం బయటికి జరిగి, కారు రోడ్డుకి అడ్డంగా ఒరిగింది. ఒక పక్క కాలువ, ఒక పక్క కోసేసిన వరిచేలు. దగ్గర్లో ఇల్లు లేదు. ఇటుకలు పెట్టాను. లాంతరు వెలిగించి, ఎర్రగుడ్డ చుట్టి, వెనక కట్టాను. ఆవిడకి రగ్గు కప్పి ఫ్లాస్కులో వేడినీళ్ళు ఇచ్చాను. రెండు గుక్కలు తాగారు. అద్దాలు ఎత్తేశాము.

నువ్వే పరుగెత్తి వెళ్ళొచ్చు కదా అని ఎస్సై గారు అడిగారు. వెళ్ళొచ్చు. అడ్డంగా పడున్న కారుని మంచులో ఏ లారీ అయినా వచ్చి గుద్దితే, లోపల ఉన్నది వాళ్ళిద్దరు. మేష్టారికి జాకీ ఎటు తిప్పాలో తెలియదు. కారు ముందు ఓ పక్కకి జరపాలనుకున్నాను.

తెలతెలవారుతుండగా వీరన్న సైకిలు మీద వచ్చాడు. వీరన్నది కొబ్బరి దింపు పని, అంటే చెట్లెక్కి కాయలు కోసి దించుతాడు. అప్పటికి నేను కారు కింద జాకీ దగ్గర ఉన్నాను. వాళ్ళ కాళ్ళు మాత్రమే కనబడ్డాయి. మాటలు అన్నీ వినబడ్డాయి. విన్నవి విన్నట్టు చెబుతున్నాను.

వీరన్న "ఏమైందండీ మేష్టారూ?" అన్నాడు.

మేష్టారు "బండి కొంచెం మొరాయించిందండీ. మా ఆవిడికి నలతగా ఉంటే అమలాపురం బయల్దేరేం. మీరు అటు వెడితే గన్నవరం స్టాండులో కొండలరావు గారికి ఓ మాట చెప్తారా అండీ?" అన్నారు.

"ఆయ్, చెప్తానండీ. ఈ పక్క తోటలో దింపుందండీ, జనం కాసుక్కూచున్నారు. ముందు గన్నారం ఎల్లొచ్చెయ్యమంటారా అండీ?"

వీరన్న అడిగాడు. ఈ మాట రెండోసారి కూడా రాయమని మనవి. వీరన్న అడిగాడు.

మేష్టారు "అబ్బే, మీ పని చెడగొట్టుకోకండి. పని చూసుకునే వెళ్ళండి. తొందరేం లేదండీ" అన్నారు.

వీరన్న "ఆయ్" అన్నాడు.

నేను పాక్కుంటూ బయటికి వచ్చేసరికి సైకిలు మంచులో కలిసిపోయింది. "ఒరే వీరన్నా, ముందు గన్నారం ఎల్లరా!" అని గొంతు చించుకుని అరిచాను. అటునుంచి "ఆయ్" అని వినబడింది. మళ్ళీ అరిచాను. ఈసారి ఏమీ వినబడలేదు.

ఈ రెండో ఆయ్ దగ్గర ఎస్సై గారు నన్ను ఆపారు. విన్నాడు, ఒప్పుకున్నాడు, అయినా వెళ్ళలేదు, అదే కదా ఫిర్యాదు అన్నారు. ఎస్సై గారిది కడప జిల్లా. అక్కడ ఎలాగో నాకు తెలియదు. మా పక్క పేరు పెట్టి పిలిస్తే ఆయ్ అంటాము. సగమే వినబడినా ఆయ్ అంటాము. తిట్టినా ఆయ్ అంటాము. వీరన్న తన పేరు వరకే విన్నాడని నా నమ్మకం.

ఎండ వచ్చి మంచు విడిపోతున్న వేళకి కొండలరావు కారు వచ్చింది. దింపు కాగానే వీరన్న ఒళ్ళు కూడా కడుక్కోకుండా స్టాండుకి వచ్చి చెప్పాడని కొండలరావు అన్నాడు. అప్పటికే లీలావతమ్మ గారు పోయారు. మేష్టారి భుజం మీద తల పెట్టుకుని, కారులోనే పోయారు. కొండలరావు నా పెట్టె వంక చూశాడు. తన కారు వెనక తలుపు తెరిచాడు.

ఫిర్యాదు ఇచ్చింది ఆవిడ తమ్ముడు ఏసుదాసు. నిరుడు తను వీరన్నని తోట పని మానిపించాడు కాబట్టి, ఆ కక్షతో వాడు కావాలని కబురు ఆలస్యం చేశాడని అతని వాదన. కక్ష ఉన్నవాడు అసలు వెళ్ళడు. ప్రాణం మీదికి వచ్చిందని వీరన్నకి ఎవరూ చెప్పలేదు. అద్దాలకి ఆవిరి పట్టి లోపల ఎవరున్నారో కూడా కనబడలేదు. వాడికి చెప్పిన మాట నలత. ఒక పూట కాఫీ తాగబుద్ధి కాకపోయినా మేమందరం ఆ మాటే అంటాము. మూడు రోజుల నుంచి వాడు లాకప్పులో ఉన్నాడు. వాడి పెళ్ళాం బుల్లెమ్మ ఈ స్టేషను అరుగు మీదే కూర్చుని ఉంది.

మేష్టారు తమ వాంగ్మూలంలో "తొందరగా రమ్మని కబురంపేను" అని చెప్పారట. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. మనసులో అనుకున్నది అదే. నోటి మాట వేరుగా వచ్చిందని ఆయనకి ఈ క్షణానికీ తెలియదు. తెలిస్తే ఆయన బతకరని, చచ్చినావిడ ఎలాగూ తిరిగి రాదని సంఘం పెద్దలు నాకు చెప్పారు. రెండు రాత్రులు ఆలోచించాను. వీరన్న బతికే ఉన్నాడు.

తొందరేం లేదన్న మాట నువ్వు కాక ఇంకెవరైనా విన్నారా అని ఎస్సై గారు చివరికి అడిగారు. ఈ ప్రశ్న రాకూడదని దేవుణ్ణి కోరుకున్నాను. వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇంకొకరు విన్నారు. లీలావతమ్మ గారు విన్నారు. మేష్టారు ఆవిడ తలుపు పక్కనే నిలబడి మాట్లాడారు. నేను కారు కిందనుంచి లేచేసరికి ఆవిడ అరచేత్తో అద్దం మీది ఆవిరి తుడిచి, చేతి గాజులతో అద్దాన్ని కొడుతున్నారు. ఆవిడ చూస్తున్నది సైకిలు వెళ్ళిన వైపు. మేష్టారు గమనించలేదు. అది చూసే నేను అంతలా అరిచాను.

తర్వాత మేష్టారు లోపల కూర్చుని "కబురెళ్ళింది లీలా, ఇహ వచ్చేస్తారు" అన్నారు. ఆవిడ ఆయన మొహంలోకి చూసి, సరే అన్నట్టు తల ఊపారు. ఆయన చెయ్యి తీసుకుని రగ్గు కిందకి లాక్కున్నారు. ఎంతసేపటికి వస్తారో ఆవిడకి తెలుసు. ఊపిరి అందక చెప్పలేకపోయారని ఎవరైనా అనుకోవచ్చు. నేను అలా అనుకోవడం లేదు.

ఈ కాగితం మేష్టారి ఎదుట చదవకుండా వీరన్నని వదిలిపెట్టే దారి ఏదైనా ఉందా అని అడిగాను. లేదు, కోర్టులో పైకి చదువుతారు, ఆయన అక్కడే ఉంటారు అని ఎస్సై గారు చెప్పారు. అయితే గాజుల సంగతి కొట్టెయ్యమంటావా అని ఆయనే అడిగారు. వద్దన్నాను. అది తీసేస్తే, ఆవిడ అంతా తెలిసే ఆయనకి తల ఊపారన్నది కూడా పోతుంది.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నా నోటి మాటే ఉంది. కలిపింది లేదు, దాచింది లేదు. ఇది నిజమని ఒప్పుకుని కింద సంతకం చేస్తున్నాను.

(సం.) గెడ్డాడ మోషే