సోఫాలెక్కిన ఊరు

ఆ ఫోను కింద పెట్టు రెడ్డెమ్మక్కా. నీకు దండం పెడతా. ఊర్లో ఉండే మా ఆయనకు చెప్పేదేదో నా మాట ఇన్నాక చెప్పు. ఆయన సంగతి నీకు తెలీనిదా? సగం ఇంటాడు, మిగతా సగం ఆయనే అల్లుకుంటాడు. పొద్దు గూకేలోపల "అన్నీ వదిలేసి వచ్చేయ్" అంటాడు.

ఎవురు చూపించినారు నీకా వీడియో? మీ పక్కగది మహేషేనా? వాని నోట్లో మన్ను పడ! తలకు నీలం గుడ్డ చుట్టుకుంటే మతం మారినట్టేనా? ఆ ముసలాయన నా చెయ్యి పట్టుకుంటే పెండ్లయిపోయినట్టేనా? ఆయనకు మా నాయన వయసుంటాదక్కా!

నవ్వొద్దులే. ఇను.

బోలా తెల్సు గదా? బ్నీద్ అల్ గార్‌లో నేను పనిచేసే ఇంట్లోనే, మామా, అదే మా యజమానురాలి పిల్లోళ్లను చూసుకునే నైజీరియా పిల్ల. యొరుబా అనే జాతోళ్లు. వాళ్లది అయెగున్ అని ఒక చిన్న ఊరు. ఎంత చిన్నదంటే, బోలా దాని కత మొదులుపెడితే నా ఇస్త్రీ బట్టలన్నీ అయిపోతాయి గానీ ఆ ఊరు అయిపోదు!

ఆ ఊరికి నాలుగు వీధులంట. రాజు వీధి, వేటగాళ్ల వీధి, అంగడి వీధి, కమ్మరోళ్ల వీధి. ముత్తాతల కాలంలో శత్రువులు మీదికొస్తే మూడు వీధులోళ్లు పిల్లాజెల్లాను ఎత్తుకోని కొండెక్కేసినారు. కమ్మరోళ్లు మాత్రం కిందనే ఉండిపోయినారు. కొలిమి వదిలిపెట్టి యాడికి పోతాం అన్నారంట. వాళ్లే కొట్లాడి, తరిమి, "ఇంక దిగి రండి" అని కేకేస్తే అప్పుడు దిగింది ఊరు.

అందుకని యేటా ఊరి పండగనాడు జనమంతా కొండెక్కి నిలబడతారు. కమ్మరి వీధి మనిషి పిలిచేదాకా ఒకరు దిగరు, ఒకరు మెతుకు ముట్టరు.

కువైట్లో కొండ యాడుండాది అంటావా? నేనూ అదే అడిగితిని. "సోఫా ఉంది గదే" అనింది!

నవ్వొచ్చిందా? నువ్వు చూసుండాల్సింది. ఇక్కడే, ఫర్వానియాలో, మీ వెనక సందులోనే. ఆ రెండు గదుల ఇంట్లో, కువైట్లో ఉండే వాళ్ల ఊరు ఊరంతా ఒకటే రకం నీలం గుడ్డ కట్టుకోని, సోఫాల మీద, మంచాల మీద, కుర్చీల మీద! ఒక లావాటి అత్త బియ్యం డబ్బా మీదెక్కింది. అది పక్కకు జరిగినప్పుడల్లా "ఓ!" అంటాంది. గోడకు ఆనించిన ఫోన్లో వాళ్ల ఊరోళ్లు, వాళ్లు అక్కడ నిజం కొండ మీద. కింద నేల మీద ఎర్రన్నం గిన్నె. ఆ వాసనకు నా కడుపులో పేగులు అరుస్తాండాయి.

పిలిచేవోడు? వాడే లేడు. ఇక్కడుండే ఒకే ఒక్క కమ్మరి వీధాయనకు ఇఖామా ఖలాస్, ఇక్కడుండే పర్మిట్టు అయిపోయి ఊరికి పోయినాడు. ఇంకో వీధోళ్లు పిలిస్తే ఏమి అంటే, బోలా నా మీదికి లేచింది. "దాక్కున్నోడే వచ్చి దిగండి అంటే ఎట్ల?" అని.

అదీ, అందుకు నాకు నీలం గుడ్డ కట్టిచ్చి, కమ్మరి వీధి మనిషని నిలబెట్టింది. నేనేం ఎగేసుకోని పోలేదు... సరే, కొంచెం ఎగేసుకోనే పోయినా. శుక్రవారం పూట ఈ గదిలో కూచ్చోని నీతో ఎన్ని చింతకాయలు దంచేది?

వాళ్ల మాటలో ఒక ముక్క నేర్పించింది. వారమంతా గిన్నెలు కడుగుతా బట్టీ పట్టినా. తీరా అంతమంది సోఫాల మీంచి నా నోరే చూస్తాంటే... ఒక్క ముక్క గుర్తు రాలేదక్కా! బోలా కండ్లు పెద్దవి చేస్తాంది. బియ్యం డబ్బా అత్త ఊగుతాంది.

మా నాయన బస్సు క్లీనరు గదా. ఇంకేం చెప్పాల? గొంతు చించుకున్నా. "రాయచోటి, రాయచోటి! దిగండి దిగండి! దిగేవోళ్లు దిగండి, పిల్లోళ్లు జాగర్త, సంచులు చూసుకోండి!"

ముందు బియ్యం డబ్బా అత్త దూకింది. ఆమైన ఊరంతా దబదబా దిగింది! ఫోన్లో కొండ మీదోళ్లు గూడా దిగినారు. ఒట్టు!

వాళ్లకు పెద్ద, బాబా అకాన్బి అని, అహ్మదిలో మెకానిక్కు. వీడియోలో నా చెయ్యి పట్టుకునింది ఆయనే. వాళ్ల ఆడోళ్ల మాదిరి మోకాళ్ల మీద కూచ్చోని దండం పెడితిని. దొరికిపోతి అనుకున్నా. నా మొగం చూస్తే తెలీదా ఆయనకు, నేను యా ఊరిదాన్నో? ఆయన నవ్వి ఏందో చెప్పినాడు. బోలా అరబ్బీలో చెప్పింది నాకు. కమ్మరోళ్లు గూడా యాడినుంచో వచ్చినోళ్లేనంట. ఆ పొద్దు వాళ్లు పిలిచిన భాష కొండ మీద ఒక్కరికీ అర్థం కాలేదంట. అయినా దిగినారంట.

"యా వీధమ్మా నీది?" అని అడిగినాడు, అందరికీ ఇనపడేటట్టు.

"కమ్మరి వీధి" అన్నా.

అబద్ధమే. కాదనను.

నువ్వు మొగం అట్ల పెట్టొద్దు. మొన్న మనోళ్ల వనభోజనాల్లో గూడా అదే అడిగినారు గదా, నీ చేతిలో గరిటె పెట్టబోయి. యా వీధమ్మా మీది అని. చెప్పినావు. గరిటె ఇంకో చేతికి పోయింది. నువ్వూ నేనూ గిన్నెలు తోమే పక్కకు పోయినాం.

వచ్చే ఏడు గూడా పిలిచినారక్కా. పోతా. చెప్పేస్తాండా.

ఇంగ నీ ఇష్టం, చేసుకో ఫోను. అడ్డం రాను. ఆయన రమ్మంటే పోవాల్సిందే గదా, ఏం చేస్తాం. కానీ చెప్పేది సరిగ్గా చెప్పు. తలకు గుడ్డ చుట్టుకోని ఎగిరిందని కాదు. నీ పెండ్లాం నోరు తెరిచేదాకా ఒక ఊరు ఊరంతా అన్నం ముందర పెట్టుకోని, కుర్చీలెక్కి నిలబడిందని చెప్పు.

నమ్మడులే.