తలుపు కొట్టిన మర్యాద

కాడుగోడిలో, శ్రీలంక యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలకు సాయం చేసే చిన్న ఆఫీసు. 1998. కొత్తగా చేరిన కుర్రాడు అలాంటి ఒకామె ఇంటికి తన మొదటి హోమ్ విజిట్ ముగించుకొని వచ్చి పెద్ద మేడం ముందు నిలబడ్డాడు.

“ఆయమ్మ ఇల్లు ఎట్ల కనుక్కొంటివప్పా?”

“కష్టమైంది మేడం. చివరికి ఒక కానిస్టేబుల్ హెల్ప్ చేశాడు. జీపులో తీసుకెళ్లాడు కూడా.”

“భేష్. బ్యాండు మేళం దొరకలేదా?”

“తలుపు కూడా ఆయనే కొట్టాడు మేడం, లాఠీతో. ఎవరూ తీయలేదు.”

“ఎంత పొగరో చూడు! వాళ్ల ఊర్లో అట్లే జీపులో వచ్చి తలుపు కొట్టినోళ్లు ఆయమ్మ మొగుణ్ని తీసుకపోయిరి. ఇక్కడ నువ్వు పోతే హారతి పట్టొద్దా?”

“సారీ మేడం. ట్రైనింగులో ట్రామా గురించి రెండు రోజులు చెప్పారు గానీ...”

“ఆ రెండు దినాలూ టీ, బిస్కెట్లు బాగుండెనా?”

“అయినా ఇంట్లో ఎవరూ లేరేమో మేడం. మూడేళ్ల పాప ఉందన్నారు కదా, చిన్న చప్పుడు కూడా రాలేదు.”

మేడం కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

“లోపలే ఉండాదప్పా. తలుపు కొడితే ఊపిరి బిగబట్టాలని ఆ పాపకి మాటలకన్నా ముందే నేర్పించినారు.”