పగటి చీపురు

ఏంటే, కొత్త ఆలోచనలు ఎలా పుడతాయో మీ కంపెనీలో క్లాసు పెట్టారా? భోజనాలు కూడా పెట్టారా! మీ అమ్మమ్మ ఉంటే పడీపడీ నవ్వేది. మా పెద్ద తోటికోడలని చెప్పడం కాదుగానీ, ఆవిడకి ఆలోచన పుడితే వీధి చివరిదాకా వినపడేది. అందుకే అందరూ మైకు అనేవాళ్ళు. మేమిద్దరం ఆఫీసులు శుభ్రం చేసే కంపెనీలో చేసేవాళ్ళం. ఇప్పుడు హౌస్‌కీపింగ్ అంటున్నారు, చీపురు మాత్రం అదే. సాయంత్రం అందరూ వెళ్ళాకే మేం వెళ్ళాలి. మేం కనపడకూడదు, పని మాత్రం కనపడాలి. దయ్యాలే నయం, వాటినైనా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు చూస్తారు! ఇల్లు చేరేసరికి మీ అమ్మ నిద్రపోయుండేది. అప్పటికి ఇంతే పిల్ల. మీ తాతయ్యా? కూతురికి ఓ ముద్ద పెడితే ఊరంతా చెప్పుకునేవాడు, వదిలెయ్.

ఇంతలో మేం ఊడ్చే ఇన్సూరెన్సు ఆఫీసు వాళ్ళు కాంట్రాక్టు మానేస్తామన్నారు. మాకున్న పెద్ద పని అదొక్కటే. బల్లలు జిడ్డుగా ఉంటున్నాయట, కాగితాలు తారుమారవుతున్నాయట. మా ఓనరు తల పట్టుకుని, "ఇంకా గట్టిగా తుడవండమ్మా" అన్నాడు. అదీ ఆయన తెలివి! అక్క, అదే మీ అమ్మమ్మ, ఊరుకుంటుందా? "ఎవరికేం కావాలో మమ్మల్నెప్పుడైనా అడగనిచ్చారా బాబూ? మొహం చూడకుండా మనసెలా తెలుస్తుంది? ఒక్క నెల పగలు చేయనివ్వండి" అంది. ఎలాగూ పోయే కాంట్రాక్టే కదా అని తలూపాడు.

మర్నాడు పొద్దున్నే చీపుర్లతో దిగాం. అక్కడి మేనేజరు, "ఇదేమిటి, స్టాఫ్ ముందు ఊడుస్తారా? చూడ్డానికి బావుంటుందా?" అన్నాడు. "మేం కనపడితే మీ ఫైళ్ళకి దిష్టి తగులుతుందా సార్?" అంది అక్క. టైపిస్టమ్మాయి నవ్వాపుకోలేక బల్లకింద దూరింది. ఇక ప్రతి బల్ల దగ్గరా ఆగి అడగడమే. ఒకాయన, "కాగితాలు ముట్టుకోకండమ్మా, ఫోను తుడిస్తే చాలు" అన్నాడు. ఒకావిడ, "నా పక్క కిటికీ మసకబారింది, అది చూడండి చాలు" అంది. సగం పని అనవసరంగా చేస్తున్నామనీ, కావాల్సిన సగం చెయ్యట్లేదనీ అప్పుడు తెలిసింది. ఇంకో చిత్రం, కడిగే మనిషి ఎదురుగా ఉంటే టీ కప్పులో సిగరెట్టు ఆర్పడానికి ఎవరికీ చెయ్యి రాదే! వాళ్ళ కప్పులు వాళ్ళే కడుక్కోవడం మొదలెట్టారు. మేనేజరు అందరికన్నా ఆఖర్న కడిగాడులే.

కాంట్రాక్టు నిలిచింది. మిగతా ఆఫీసులూ పగలే రమ్మన్నాయి. ఓనరు ఏదో సభలో "నా పగటి పద్ధతి" అని చెప్పుకుంటుంటే, వెనక వరసలోంచి అక్క, "పద్ధతి మీరే ఉంచుకోండి, పగలు మాకిచ్చెయ్యండి!" అని అరిచింది. వేదిక మీద మైకు చిన్నబోయింది. కానీ ఆ మొదటి రోజు... ఎండ ఉండగానే ఇంటికొచ్చాం. మీ అమ్మ గడపలో కూర్చుని ఆడుకుంటోంది. తలెత్తి చూసి, "ఇవాళ సెలవా అమ్మా?" అంది. మీ అమ్మమ్మ చెప్పులైనా విప్పకుండా ఆ గడపలోనే కూలబడి దానితో ఆడటం మొదలెట్టింది.

ఊఁ... టీ తాగేశావా? కప్పు అలా వదిలేశావేం? కడిగి బోర్లించు.