ఎనిమిది వారాల నిగ్రహం

"నీళ్ళు నమలకుండా చెప్పు. పోటీలో ఇచ్చిన ఆ కప్పు నీదేనా, ఇంకెవరిదైనానా?"

"నాదే అమ్మా. మా జట్టు నలుగురిదీ."

"మరి దొంగసొత్తులా సంచిలోనే దాస్తున్నావేం?"

ఇస్త్రీ బల్లకి ఇవతల అమ్మ, అవతల కూతురు. లాండ్రీ షాపు గోడ గడియారంలో మూడు దాటింది. నాలుగింటికి పెద్ద లాండ్రీ కంపెనీవాళ్ళు ఈ షాపు కొనే కాగితాలు పట్టుకుని వస్తారు. అందుకే కూతురు యూనివర్సిటీ నుంచి రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఇవాళ సంతకం పెట్టకు."

"ఇదేం చోద్యమే. పోయిన ఆదివారం నువ్వేగా గోడకి బొమ్మలంటించి మరీ చెప్పావు. చిన్న షాపులకి కాలం చెల్లింది, మంచి బేరం తగిలినప్పుడే వదిలించుకోవాలి అని. ఎర్ర బాణం ఒకటి కిందకి దిగుతూ ఉంది కూడా."

"చెప్పాను. ఇప్పుడు వద్దంటున్నాను."

"కంపెనీల పోటీలో యూనివర్సిటీ మొత్తానికి ఫస్టొచ్చిన ఎం.డి. గారు సెలవిచ్చారు కదా అని నేను తలూపాను. వారంలో ఏం మారింది, ఎం.డి. గారూ?"

"అలా పిలవకు."

"కార్డులు కొట్టించుకున్నావుగా. పిలవకపోతే దండగ."

"ఆ పోటీ ఎలా జరిగిందో నీకు సరిగ్గా చెప్పలేదమ్మా."

"చెప్పావు. వ్యూహం అన్నావు, దూరదృష్టి అన్నావు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కాబట్టి గొప్ప విషయమే అనుకున్నా."

"అది కంప్యూటర్లో ఆడే ఆట. నిజం కంపెనీలు కావు. ఆరు జట్లు, జట్టుకో సబ్బుల కంపెనీ. సబ్బు ధర ఎంత, ప్రకటనలు ఎన్ని, పనివాళ్ళు ఎందరు, అన్నీ నిర్ణయించుకుని ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదులోపు బటన్ నొక్కాలి. అక్కడికి ఆటలో మూడు నెలలు గడిచినట్టు. అలా ఎనిమిది వారాలు."

"అంటే రెండు నెలల్లో రెండేళ్ళ వ్యాపారం చేసేశారు. ఈ షాపులో ఇరవై రెండేళ్ళ వ్యాపారానికి నాకు ఇరవై రెండేళ్ళూ పట్టాయి, మొద్దుదాన్ని. సరే, ధర ఎంత పెట్టారు?"

"ధర... ముందు కంపెనీకి పేరు పెట్టాలి కదా."

"పెట్టారా?"

"మూడు వారాలు పట్టింది. మా జట్టులో కళ్ళజోడు పిల్ల ఒకటంటే పొడుగోడు ఇంకోటన్నాడు."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. తర్వాత?"

"తర్వాత ఎం.డి. ఎవరని. ముగ్గురం నేనంటే నేనన్నాం."

"అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరే?"

"నాలుగోవాడున్నాడుగా అనుకున్నాం. వాడసలు నోరే విప్పడు. చీటీలు వేస్తే నా పేరొచ్చింది. పొడుగోడు అలిగి రెండు వారాలు రాలేదు. వచ్చాక సబ్బు మీద బొమ్మ దగ్గర గొడవ. హంస ఉండాలా, ఆకు ఉండాలా అని."

"చివరికి ఏదుంది?"

"హంస ముక్కులో ఆకు."

"రాజీ పడ్డారు. సంతోషం. మరి సబ్బు సంగతి?"

"అదే చెప్తున్నా."

"చెప్పడం లేదు. ఇందాకట్నుంచీ హంస చుట్టూ తిరుగుతున్నావు. ఈ దుప్పటి అటు కొస పట్టుకో. పట్టుకుని చెప్పు."

"బటన్ పొడుగోడు నొక్కుతున్నాడనుకున్నాను."

"వాడు?"

"కళ్ళజోడు నొక్కుతోందనుకున్నాడు. అది నేను నొక్కుతున్నాననుకుంది. ఎం.డి.ని కదా."

"ఆ నాలుగోవాడు?"

"వాడికి తెలుసట, ఎవరూ నొక్కడం లేదని. అదేంట్రా అంటే, నన్నెవరూ అడగలేదుగా అన్నాడు."

"ఎన్ని వారాలు నొక్కలేదు?"

"మడత సరిగ్గా రావడం లేదమ్మా."

"నా మడతలు నేను చూసుకుంటా. ఎన్ని వారాలు?"

"ఎనిమిది."

"ఉన్నవే ఎనిమిది కదే."

"ఊఁ."

అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూలబడింది. ఆవిడ నవ్వాపుకుంటోందో, కోపమాపుకుంటోందో కూతురికి అంతుపట్టలేదు.

"మరి ఫస్టు ఎలా వచ్చింది తల్లీ?"

"నొక్కకపోతే పాత లెక్కే నడుస్తుంది. మొదట్లో నమూనాకని పోటీ పెట్టిన సారు ఒక ధర పెట్టి ఉంచారు. రెండేళ్ళూ అదే నడిచింది. మిగతా ఐదు జట్లూ తెలివైనవాళ్ళు. ఒకళ్ళు ధర తగ్గించారు. వాళ్ళని చూసి ఇంకొకళ్ళు ఇంకా తగ్గించారు. ఒకటి కొంటే మూడు ఉచితం దాకా పోయారు. ఒక జట్టయితే జనాభా కన్నా ఎక్కువ సబ్బులు చేసి కూర్చుంది. అందరూ మునిగారు. మేం మిగిలాం."

"పడుకుని గెలిచారన్నమాట."

"సారు దాన్ని నిగ్రహం అన్నారు. ఎనిమిది వారాల పాటు చెక్కుచెదరని నిగ్రహం, ఇలాంటి నాయకత్వం నా సర్వీసులో చూడలేదు అన్నారు. అందరిచేతా చప్పట్లు కొట్టించారు."

"నువ్వేం చేశావు?"

"థాంక్సండీ అని కప్పు తీసుకున్నాను."

"ఏమీ చెయ్యకుండా కూర్చోవడం నేర్పడానికి అంత ఫీజు దేనికే? మీ నాన్న ఇంట్లో ఊరికే నేర్పుతారుగా."

"నవ్వకమ్మా. అప్పటికి నాకు నిజంగా తెలియదు. మేమే ఏదో పొడిచేశామనుకున్నా. రేపు హాల్లో అందరి ముందూ గెలుపు రహస్యం చెప్పమన్నారు. ఏ వారం ఏం చేశామో చూసుకుందామని నిన్న కంప్యూటర్ తెరిస్తే ఎనిమిది వరసల్లోనూ ఒకటే మాట. నిర్ణయం అందలేదు. నిర్ణయం అందలేదు."

"సారుకి చెప్పావా?"

"పొద్దున్నే వెళ్ళి చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి, అమ్మాయీ, నిర్ణయం తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే అన్నారు. మా నిగ్రహం మీద ఇరవై పేజీల వ్యాసం రాసి అప్పటికే ఎక్కడికో పంపించేశారట. అది అచ్చయ్యేదాకా ఎవరితోనూ అనకమ్మా అని బతిమాలుకున్నారు."

"పాపం, ఆయన మాత్రం ఆగలేక నొక్కేశాడు."

"ఆయన గొడవ ఆయన పడతాడు. నా భయం అది కాదు. వ్యాపారం అంటే నాకు ఓనమాలు రావమ్మా. చొక్కా మీద సిరా మరక పోవాలంటే ఏం వెయ్యాలో కూడా తెలియదు. అలాంటిదాన్ని గోడకి బొమ్మలంటించి నీ షాపు అమ్మించేస్తున్నాను. రేపు నువ్వు ఏమీ తోచక ఇంట్లో కుమిలిపోతే ఆ పాపం నాది. వాళ్ళు రాగానే కుదరదని చెప్పెయ్. నీకు మొహమాటమైతే నేను చెప్తా."

"ఏడుస్తున్నావా?"

"లేదు. ఆవిరి."

"బాయిలర్ ఆపి గంటయింది."

"చెప్తావా, చెప్పవా?"

"నీ మాట విని అమ్ముతున్నాననుకున్నావా, పిచ్చిమొహమా?"

"మరి?"

"నా కాళ్ళ మాట విని. నాలుగేళ్ళ నుంచీ సాయంత్రమయ్యేసరికి పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. నువ్వు బొమ్మలంటించడానికి ముందు రోజే వాళ్ళకి మాటిచ్చేశాను. ముచ్చటపడి చెప్తోంది కదా, చెప్పనీ అని విన్నాను."

"నాతో ఒక్క ముక్క అనలేదేం?"

"మురిసిపోతున్నావు. దాన్ని పాడు చెయ్యడం ఎందుకని. అసలు నీ ఫస్టే నా కొంప ముంచింది."

"నా ఫస్టు నిన్నేం చేసింది?"

"వాళ్ళదొక షరతుంది. షాపు కొన్నాక రెండేళ్ళ పాటు మన ఇంటి మనిషి ఒకరు ఇక్కడే ఉండి నడపాలి. జీతమిస్తారు. లేకపోతే బట్టలిచ్చేవాళ్ళంతా జారిపోతారని వాళ్ళ భయం. వచ్చే నెలతో నీ పరీక్షలయిపోతాయి, నువ్వు సరిపోతావులే, పక్కనుండి పని నేర్పొచ్చు అనుకున్నా. ఈలోగా కప్పు పట్టుకుని దిగావు. అంత గొప్పపిల్లని మాసిన బట్టల మధ్య నిలబడమనడానికి నోరు రాలేదు. పోనీలే, ఈ కాళ్ళనే ఇంకో రెండేళ్ళు ఈడుద్దామని నా పేరు రాయించాను."

"అమ్మా..."

"నువ్వు నిజంగానే గొప్పదానివైపోయావేమోనని వారం రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు. అమ్మయ్య. ఇప్పటికి ప్రాణం కుదుటపడింది."

"అమ్మా, ఒక్క నిమిషం, నేను చెప్పేది..."

"చెప్పాల్సిందంతా చెప్పావు. బయట కారు ఆగినట్టుంది, వాళ్ళే. లోపలికి రమ్మను. రెండేళ్ళు ఇక్కడ నిలబడాల్సిన మనిషి అని రాసిన చోట నా పేరు కొట్టేసి నీ పేరు రాయిస్తాను."