కార్డు పక్కన మొహం

పన్ను రిటర్నులు నింపి ఆన్‌లైన్లో పంపే చిన్న ఆఫీసు. బల్లకు అటు అక్క, ఇటు తమ్ముడు. మధ్యలో అతని భార్య కాగితాలు.

"సొంత తమ్ముణ్ణి పట్టుకుని గుర్తింపు కార్డేదని అడుగుతావా?"

"నీ కార్డు నాకెందుకు? రిటర్ను నీ పెళ్ళానిది. ఆమె కార్డు కావాలి, దాని పక్కన ఆమె మొహం కావాలి."

"ఫోన్లో ఫొటో ఉంది, చూడు."

"పనికిరాదు. అసలుది, మనిషితో సహా."

"నీ మరదలెవరో నీకు తెలీదా? మా పెళ్ళికి సాక్షి సంతకం పెట్టిందే నువ్వు!"

"పెట్టాను. తీసుకురా."

"జ్వరం. లేవలేకపోతోంది."

"తగ్గాకే తీసుకురా. గడువు ఇంకా పది రోజులుంది."

"పది రోజులా? ఇవాళే పంపాలి!"

"ఎందుకంత తొందర?"

"ఎందుకంటే... ఏముంది, ఓ పనైపోతుందని."

"పోనీ ఫోన్ కలుపు, ఒక్క మాట అడుగుతాను."

"డ్యూటీలో ఉంది. ఎత్తదు."

"ఇందాక జ్వరమన్నావు."

"జ్వరంతోనే వెళ్ళింది! ఏంటీ, పోలీసు విచారణా?"

"అరవకు. బయట మనుషులున్నారు."

"విననీ! నిన్న అమ్మ చేత కూడా కార్డు పట్టించావట. కన్నతల్లికి కళ్ళజోడు తీయించి మరీ చూశావట. సిగ్గులేదూ?"

"అమ్మకి లేని కోపం నీకెందుకురా?"

"మరి పోయినేడాది అడగలేదేం? కాగితాలిచ్చాను, ఐదు నిమిషాల్లో పంపేశావు. అప్పుడు తమ్ముణ్ణి, ఇప్పుడు దొంగనా?"

"అడగలేదు. అడగలేదురా! నా కడుపు మండేది దానికే."

"అంటే?"

"రిటర్ను పంపడానికి ఒప్పుకుంటున్నానని నీ పెళ్ళాం రాసిచ్చిందంటూ పోయినేడాది ఓ కాగితం తెచ్చావు కదా. దానిమీద సంతకం ఎవరిది?"

"దానిదే."

"ఎవరిదిరా?"

"దానిదే అంటుంటే! ఒకవేళ నేనే పెట్టాననుకో, మొగుణ్ణి కాదూ?"

"వెనక్కొచ్చిన పన్ను ఎవరి ఖాతాలో పడింది?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడట. నేనెంత!"

"అక్కా, ఎవరు చెప్పారు?"

"సోమవారం పొద్దున నేను ఆఫీసు తలుపు తీసేసరికి నీ పెళ్ళాం మెట్లమీద కూర్చుని ఉంది. జ్వరమూ లేదు, డ్యూటీ లేదు. నీ ఇల్లు వదిలి మూడు నెలలైందట. అడక్కముందే కార్డు తీసి మొహం పక్కన పెట్టుకుంది."

"దాని రిటర్ను... పంపేశావా?"

"అప్పుడే పంపేశాను. ఆమెకన్నా ముందు పంపేద్దామనేగా నీ తొందర?"

"సరే, అయిందేదో అయింది. పాతది తవ్వకు. బయటపడితే ముందు పోయేది నీ లైసెన్సే, తెలుసా?"

"తెలుసు. ఆమె చెప్తుంటే పన్ను శాఖకి ఫిర్యాదు నేనే రాసి పంపాను. తప్పు చేసినవాళ్ళలో రెండో పేరు నీది, మొదటిది నాది."